మెత్తని హెల్మెట్

కథ నడుమ నుంచి మొదలవుతుంది, అందుకే ముందుగా నాలుగు మాటలు. ఊళ్ళో ఉత్తరాలూ పార్సిళ్ళూ పంచే పోస్టాయన బండి మలుపులో ఇసక మీద జారింది. ఆయన నెత్తిన హెల్మెట్ ఉంది. గడ్డం కింద పట్టీ కూడా పెట్టుకునే ఉన్నాడు. అయినా ఆస్పత్రికి తెచ్చేసరికి స్పృహ లేదు. ఆపరేషన్ ముగించి బయటికొచ్చిన పెద్ద డాక్టరు బల్ల మీదున్న ఆ హెల్మెట్‌ని చేతిలోకి తీసుకుని, లోపలికి వేళ్ళు పోనిచ్చి తడిమి, "పైపెంకు చెక్కు చెదరలేదు. మరి లోపల ఉండాల్సిందాన్ని ఎవరు తీసేశారు?" అన్నాడు.

దాన్ని అందుకున్న నర్సు లోపలి వైపు వెలుగుకి తిప్పింది. లోపలి నీలం ముఖమల్ బట్ట అంచున జంట కుట్టు ఉంది. నడుమ నడుమ దారం ఒక పోటు వెనక్కి వెళ్ళి, ముడిపడి, మళ్ళీ ముందుకు నడుస్తోంది. అలా కుట్టే చెయ్యి ఊరు మొత్తానికి ఒక్కటే. ఆ చెయ్యి పట్టుకునే ఆమె నడక నేర్చుకుంది.

ఆ నర్సుని ఇంట్లో అమ్మడు అంటారు. ఆమె తండ్రి బండి సీట్లకి తొడుగులు కుట్టే సీట్ల మాస్టారు.

* * *

పొద్దున డ్యూటీ దిగి అమ్మడు ఇంటికి నడిచే బయల్దేరింది. స్కూటర్‌ని ఆస్పత్రి షెడ్డులోనే వదిలేసింది. ఎందుకమ్మా అని కాపలా ఆయన అడిగితే పెట్రోలు లేదంది. పెట్రోలు నిండుగానే ఉంది. ఒక చేతికి తన హెల్మెట్, ఇంకో చేతికి పోస్టాయన హెల్మెట్ ఉన్న గుడ్డసంచి తగిలించుకుని, రోడ్డు వారగా నడిచింది.

ఆ సంచి ఇచ్చింది పోస్టాయన భార్యే. "మీ నాన్నగారి చేత లోపలి బట్ట మార్పించి తీసుకురా తల్లీ. ఆయన లేచాక మళ్ళీ ఇదే పెట్టుకుంటారు. మా ఇంటి దీపాన్ని ఆరిపోకుండా కాచింది ఇదే" అంది. అమ్మడు కాదనలేకపోయింది, అవుననలేకపోయింది. సంచి మాత్రం అందుకుంది.

వాళ్ళ ఇంటి ముందుగదే కొట్టు. గోడకి ఆనించి నిలబెట్టిన రెక్సిన్ చుట్టలు, దూలానికి వేలాడే ఉత్త సీటు రేకులు, బల్ల మీద గమ్ డబ్బా, దాని అంచున ఎండి వేలాడే జిగురు తీగలు. కుట్టుమిషను దగ్గర మాస్టారి మడమ ఆనే చోట గచ్చు అరిగి నున్నబడింది. కిటికీ పక్క చెక్క మీద హెల్మెట్లు వరసగా బోర్లించి ఉన్నాయి, కొన్ని మెత్తబడినవి, కొన్ని మెత్తబడాల్సినవి. గుమ్మం మీది బోర్డులో "సీటు కవర్లు" అన్న అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. వాటి కింద కొత్త రంగుతో "హెల్మెట్లు మెత్తగా చేయబడును" అని రాసి ఉంది.

లోపల కుర్చీలో, ఇళ్ళకి తిరిగి కరెంటు మీటర్లు చూసే మీటరాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కొన్న కొత్త హెల్మెట్ మాస్టారి ఒళ్ళో ఉంది.

"మాస్టారూ, ఇది కొన్నప్పట్నించీ నా తలకాయ అడకత్తెరలో పోకచెక్క అయిందనుకోండి. ఇంటికెళ్ళి తీస్తే నుదుటి మీద ఎర్రటి గీత. ఎవరు కొట్టారని మా ఆవిడ అడుగుతోంది."

"ఎవరు కొట్టారో చెప్పకపోయావా?"

"చెప్తే నమ్మాలిగా!"

సీట్ల మాస్టారు నవ్వుతూ హెల్మెట్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని లోపలి బట్ట అంచు లేపాడు. తెల్లటి థర్మోకోల్ బయటపడింది. "ఇదిగో, నీ శత్రువు ఇక్కడ దాక్కున్నాడు. సాయంత్రానికి దీన్ని చెక్కేసి, స్పాంజి పరిచి, దూదిపింజ చేసి ఇస్తా. నెత్తిన ఉందో లేదో నువ్వే తడిమి చూసుకుంటావు." కత్తి అంచుని సానరాయి మీద రెండు వైపులా గీసి, థర్మోకోల్ మీద ఆనించాడు.

"నాన్నా, కత్తి పెట్టకు."

గుమ్మంలో కూతురు. ఆస్పత్రి బట్టలు ఇంకా మార్చుకోలేదు.

"వచ్చావా తల్లీ! బండి చప్పుడు వినబడలేదేం?"

"నడిచొచ్చా."

"పంక్చరా? చెప్తే నేనొచ్చేవాణ్ణిగా."

అమ్మడు సంచిలోని హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. మాస్టారు తన పనిని చూడగానే పోల్చుకున్నాడు. "పోస్టాయనది కదూ? ఎలా ఉన్నాడమ్మా?"

"నేను వచ్చేటప్పటికి కళ్ళు తెరవలేదు."

"అయ్యో. మంచి మనిషి. ఎంత ఎండలో వచ్చినా నోరు తెరిచి మంచినీళ్ళడగడు, మనమే చూసి ఇవ్వాలి." కత్తి పక్కన పెట్టి, హెల్మెట్ పెంకు మీది గీతల వెంట బొటనవేలు నడిపాడు. "చూడు, రోడ్డు ఎలా గీరేసిందో! ఇది లేకపోతే ఈ గీతలన్నీ ఎక్కడ పడేవి?"

"నిజమే నాన్నా. ఇది లేకపోతే ఆస్పత్రి దాకా వచ్చేవాడే కాదట. డాక్టరుగారూ అదే అన్నారు."

విన్నావా అన్నట్టు మాస్టారు మీటరాయన వైపు చూశాడు.

"ఇంకోటి కూడా అన్నారు. ఆ ఎడమ పక్క కుట్టు విప్పు."

తన కుట్టుని తనే విప్పడం మాస్టారికి అలవాటు లేని పని. జంట కుట్టు అంత తేలిగ్గా ఊడదు. ఊడకుండా ఉండడానికే ఆయన అలా కుడతాడు. ఒక్కో ముడి దగ్గరా బ్లేడు ఆపి, తెంపి, ముందుకు జరిగాడు. ముఖమల్ బట్ట లేచింది. కింద స్పాంజి ఎండిన రక్తంతో బిరుసెక్కి ఉంది. దాన్ని కూడా లేపితే, అట్టముక్కంత పలచగా మిగిలిన థర్మోకోల్ కనబడింది. అది నలిగి, అడ్డంగా నెర్రె విచ్చింది. దానికి కొంచెం పైన అసలేమీ లేదు, పెంకు లోపలి నలుపే.

"దెబ్బ ఇక్కడ తగిలింది," అమ్మడు తన ఎడమ కణత పైన వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ ఉండాల్సిందాన్ని నువ్వు చెక్కేశావు నాన్నా."

"చెక్కి ఊరుకున్నానా? దానికి రెట్టింపు స్పాంజి పెట్టా. నొక్కి చూడు, మేలురకం. సోఫాల్లో వేసేది."

"స్పాంజి దెబ్బని ఆపదు. అణిగిపోయి తప్పుకుంటుంది. థర్మోకోల్ అలా కాదు. అది నలుగుతుంది, పగులుతుంది, పగులుతూ దెబ్బని తను తినేస్తుంది. అది విరగడానికే ఉంది నాన్నా. అది విరిగితే తల విరగదు."

"విరిగిపోయేది మంచి సరుకని ఇప్పుడే వింటున్నా. నా బతుకంతా విరగనివే చేశాను."

లోపలి గడప దగ్గర కూర్చుని, స్పాంజి తునకలు తుంచి దిండ్లలో కూరుతున్న అమ్మ తలెత్తింది. "ఏమే, కాళ్ళైనా కడుక్కోకుండా మొదలుపెట్టావు! ఆయన చేతి మెత్తదనం ఎరగనివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా? పడ్డవాడు పడ్డాడు. మధ్యలో మీ నాన్నేం చేశాడు?"

"నువ్వుండవే," అన్నాడు మాస్టారు. గొంతులో ఇంకా కోపం లేదు. కూతుర్ని బల్ల పక్కకి పిలిచి, ఆమెకి ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. "సరే, నువ్వు చదువుకున్నదానివి. నాకొక్కటి చెప్పు. నేను వీటిని ముట్టుకోకముందు ఊళ్ళో హెల్మెట్లు ఎక్కడుండేవి? బండి అద్దాలకి వేలాడేవి. పోలీసు కనబడితే నెత్తికెక్కేవి, సందు మలుపు తిరగ్గానే దిగేవి. నొప్పనీ, చెమటనీ, ఊపిరాడదనీ ఎవడూ పెట్టుకునేవాడు కాదు. నేను మెత్తగా చేశాకే కదా పెట్టుకుంటున్నారు? అవునో కాదో ఇతన్నే అడుగు."

"అది మాత్రం నిజమేనండీ," అన్నాడు మీటరాయన. "నేనైతే పాతదాన్ని బండి పెట్టెలో పెట్టుకు తిరిగేవాణ్ణి. దానికి దెబ్బ తగలకూడదని."

అమ్మడికి నవ్వు రాలేదు. తండ్రి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తలకి ఏమీ లేకుండా వచ్చినవాళ్ళని ఆమె ఎందరినో చూసింది. వాళ్ళ మనుషులు వెనకాలే పరిగెత్తుకొస్తూ చెప్పులు, ఫోను, బండి తాళం తెస్తారు. ఒక్కోసారి హెల్మెట్ కూడా తెస్తారు, బండికి తగిలించి ఉందని. తళతళలాడే హెల్మెట్. వార్డులో ఆమె చూడలేనిది రక్తం కాదు, ఒక్క గీతైనా పడని ఆ హెల్మెట్‌నే.

"పెట్టుకోనివాడికి తన తల మీద ఏమీ లేదని తెలుసు నాన్నా," అంది చివరికి. "కాస్త భయంగానైనా నడుపుతాడు. వీళ్ళకి తెలియదు. లోపల ఉందనే అనుకుంటున్నారు."

మాస్టారు స్పాంజి మీది ఎండిన మరకని గోటితో గీకి, ఆ గోటికేసి చూసుకున్నాడు.

"అసలు ఇది ఎవరి కోసం మొదలుపెట్టానో నీకు గుర్తుందా అమ్మడూ?"

ఆమెకి గుర్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్త. కొత్త స్కూటర్, కొత్త హెల్మెట్. సాయంత్రం ఇంటికొచ్చి రెండు కణతలూ పట్టుకుని కూర్చునేది. వెనక జుట్టుముడి దగ్గర కూడా నొక్కుకునేది. "నాన్నా, దీన్నైనా మానేస్తా, స్కూటరైనా మానేస్తా, నా వల్ల కాదు" అని ఒకరోజు మంచం మీదికి విసిరేసింది. మర్నాడు పొద్దున లేచేసరికి హెల్మెట్ దిండు పక్కనే ఉంది. లోపల నీలం ముఖమల్ బట్ట. ముడి ఇమిడేలా వెనక ఒక గుంట. పెట్టుకుంటే ఎవరో అరచేతులతో తల పట్టుకున్నట్టుంది. ఆ రోజు ఆస్పత్రిలో నలుగురికీ తీసి చూపించింది. "మా నాన్న చేశాడు" అంది. వారం తిరక్కముందే తోటి నర్సులు వచ్చారు. వాళ్ళ అన్నలొచ్చారు, మొగుళ్ళొచ్చారు. బోర్డు మీద కొత్త వరస వచ్చింది.

"నీ తల నొప్పి పెడుతోందంటే చూడలేకపోయాను," అన్నాడు మాస్టారు. "అంతే. అందులో ఇంకేమీ లేదు."

దారి పొడుగునా అమ్మడు తండ్రికి చెప్పాల్సిన మాటలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చింది. ఆ మాటల్లో ఎక్కడా తను లేదు. ఇప్పుడు చూస్తే మొదటి ఇటుక తనదే. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

గదిలో ఎవరూ మాట్లాడకపోతే మీటరాయనకి ఊపిరాడదు. కుర్చీలో అటూ ఇటూ కదిలి, "మాస్టారూ, నాదొక అనుమానం" అన్నాడు.

"ఏమిటి?"

"పోయినేడు నా బండి సీటు మెత్తగా చెయ్యమంటే మీరు నన్ను తిట్టారు కదండీ?"

"తిట్టానా?"

"ఊరికే తిట్టారా! ‘మెత్తగా కావాలంటే ఇంటికెళ్ళి పరుపు మీద పడుకో. సీటుకి అడుగున గట్టి సరుకు ఉండాలి. ఉత్త స్పాంజి అయితే గుంతలో పడ్డప్పుడు నీ నడుముని రేకుకి అప్పగించి అది పక్కకి తప్పుకుంటుంది’ అన్నారు. అప్పగించి అనే అన్నారు, నాకు బాగా గుర్తు. అలాంటప్పుడు మరి తలకాయకి..."

ఆయన అక్కడే ఆగిపోయాడు. వెటకారానికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అడిగాక, ఎందుకడిగానా అనుకున్నాడు.

సీట్ల మాస్టారు లేచాడు. స్పాంజి పలక నుంచి ఒక ముక్క కోసి బల్ల మీద పెట్టాడు. పిడికిలి బిగించి దాని మీద గుద్దాడు. స్పాంజి అణిగింది, బల్ల చెక్క టక్కుమంది. వేళ్ళ కణుపులు రుద్దుకున్నాడు. తర్వాత వంగి, బల్ల కింద తట్టలోంచి తను చెక్కి పారేసిన థర్మోకోల్ పెచ్చు ఒకటి తీసి అదే చోట పెట్టి, అలాగే గుద్దాడు. కసుక్కుమని చప్పుడైంది. తెల్లటి పొడి లేచింది. పెచ్చులో ఆయన పిడికిలి అచ్చు దిగబడి ఉంది. కణుపులకి ఏమీ కాలేదు. బల్ల చప్పుడు కూడా రాలేదు.

మళ్ళీ స్పాంజి పెట్టాడు. ఈసారి ఇంకా గట్టిగా గుద్దాడు. టక్కు. మళ్ళీ గుద్దాడు. ఒక్కసారైనా వేరే చప్పుడు వస్తుందేమోనని చూస్తున్నట్టు.

"చెయ్యి విరగ్గొట్టుకుంటారా ఏమిటి!" అమ్మ దిండు కింద పడేసి లేచి వచ్చింది.

"నాకు తెలుసే ఇది," అన్నాడాయన భార్యతో, మెల్లగా. "నడుం దగ్గర తెలుసు. తల దగ్గరికొచ్చేసరికి తెలియలేదు."

మీటరాయన తన హెల్మెట్ వంక చెయ్యి చాచాడు. అడగడానికి మొహమాటపడుతున్నాడు. మాస్టారే లేపిన బట్ట అంచుని సర్ది, నొక్కి, ఆయన చేతికిచ్చాడు. "దీన్నిలాగే పెట్టుకో. బిగుతుగా ఉండాల్సిందే. తల ఊపితే అది కూడా తలతో పాటే కదలాలి. మరీ నొప్పి పుడితే కొన్న కొట్టుకెళ్ళి ఒక సైజు పెద్దది అడుగు. దీనికి మాత్రం ఎవరి చేతా కత్తి పెట్టించకు."

"మీ చేత కూడానా?"

"ముందు నా చేతే."

మీటరాయన హెల్మెట్ తగిలించుకున్నాడు. బుగ్గలు ముందుకు పొంగాయి. "సరే మరి, అడకత్తెరకే వెళ్ళొస్తా" అని ఇబ్బందిగా నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన బండి సందు దాటేదాకా అమ్మ ఆగింది. "అయిపోయింది. ఇళ్ళన్నీ తిరిగే మనిషి. సాయంత్రానికి మీటర్లతో పాటు మన సంగతీ ఊరంతా చదివేస్తాడు."

"చదవనీ. నేనే చెప్పాలనుకుంటున్నా."

"ఏం చెప్తారు?" అమ్మ గొంతు తగ్గించింది. "నా మాట వినండి. ఇవాళ్టినుంచి హెల్మెట్లు ముట్టుకోవద్దు. బోర్డు మీద ఆ వరస చెరిపేద్దాం. అంతవరకు నేనూ ఒప్పుకుంటా. చేసేసిన వాటి సంగతి మన నోటితో మనమెందుకు ఎత్తాలి? పోస్టాయన లేచి తిరిగితే అన్నీ సర్దుకుంటాయి. తెలియక చేసినదానికి లోకంలో ఎవరూ ఉరి వెయ్యరు."

"నిన్నటిదాకా తెలియదు. ఇవాళ తెలిసిందిగా. ఇప్పుడు ఊరుకుంటే రేపు పడేవాడికి తెలిసి చేసినట్టే."

"రేపు ఎవడో పడతాడని ఇవాళ మనం పడాలా? ఈ కొట్టే కదండీ మనకున్నది! మీ చేతి మంచితనం చూసేగా ఇంతమంది వస్తున్నారు. అది పోతే సీటు కుట్టించుకోవడానికైనా ఎవడొస్తాడు? అమ్మడి ఉద్యోగం సంగతో? ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ?"

ఆమెది పిరికితనం కాదు. ఒక్కో సీటూ కుట్టి నిలబెట్టుకున్న ఇల్లు అది. మిషను నూనె మరక పడని చీర ఆమెకి లేదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు, అందుకే కసురుకోలేదు.

"మన తల సంగతి తర్వాత చూద్దాంలే," అన్నాడు.

"అమ్మా," అంది అమ్మడు, "నాతో పనిచేసేవాళ్ళలో సగం మందికి నాన్న చేసినవే. పంపింది నేను. సాయంత్రం మళ్ళీ వాళ్ళ మధ్యకే వెళ్ళాలి. వాళ్ళు బండ్లు తీస్తుంటే షెడ్డు దగ్గర నిలబడి చూస్తూ ఊరుకోవాలా?"

అమ్మ కింద పడిన దిండు తీసి, దాని మూల సర్దుతూ నిలబడింది.

"నీది ఇలా తే," అన్నాడు మాస్టారు కూతురితో.

అమ్మడు తన హెల్మెట్ ఇచ్చింది. ఆయన బ్లేడు పెట్టలేదు. లోపలికి చెయ్యి పోనిచ్చి, వెనక పక్క గుంటని ముఖమల్ బట్ట మీది నుంచే తడిమాడు. ఆయన పిడికిలి అందులో పూర్తిగా ఇమిడింది. చెయ్యి అలాగే ఉంచి, కిటికీలోంచి వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక బండి వెళ్ళింది. నడిపేవాడి నెత్తిన ఎర్ర హెల్మెట్. ఆయన కళ్ళు దాని వెంట సందు చివరిదాకా వెళ్ళాయి. ఇంకోటి వెళ్ళింది. ఏది తను చెక్కింది, ఏది చెక్కనిది, బయటి నుంచి చూస్తే ఆయనకి కూడా తెలియలేదు.

"ముందు పోస్టాయన ఇంటికెళ్ళాలి," అన్నాడు. "మొదట చెప్పాల్సింది వాళ్ళకి. తర్వాత మిగిలినవాళ్ళు. చొక్కా మార్చుకొస్తా, నువ్వూ రా."

ఆయన చొక్కా కోసం లోపలికి తిరిగేలోపే బయట స్కూటర్ వచ్చి ఆగింది.

వెనక సీటు నుంచి పోస్టాయన భార్య దిగింది. ఆవిడ తలకి ఏమీ లేదు. వెనక కూర్చునేవాళ్ళకి అక్కర్లేదని ఊళ్ళో అందరూ అనుకునేదే. నడుపుతున్నది ఆవిడ పెద్దకూతురు. ఇంజను ఆపకుండా, ఒక కాలు నేలకి ఆనించి, బండి మీదే కూర్చుంది.

"అన్నయ్యగారూ, కళ్ళు తెరిచారు!" ఆవిడ మెట్లెక్కుతూనే అంది. "అమ్మడు ఇలా వెళ్ళిందో లేదో, అలా తెరిచారు. మాట రాలేదు గానీ నన్ను చూసి చెయ్యి నొక్కారు. గుర్తుపట్టారు అన్నయ్యగారూ, గుర్తుపట్టారు. ముందు మీకే చెప్పాలనిపించింది. అంతా మీ చేతి చలవ."

నిద్రలేక పీక్కుపోయిన ఆ మొహం మీద వెలుగు చూసి మాస్టారు చెప్పబోయిన మాట ఆపి, ముక్కాలి పీట ఆవిడ వైపు జరిపాడు. వెనక నుంచి అమ్మ ముందుకొచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "చల్లటి మాట చెప్పావు వదినా! కూర్చో, కూర్చో." ఆ పట్టుకోవడంలోనే మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఇంక చాలు, దేవుడు దాటించాడు, వదిలెయ్యండి అని ఆ చూపు.

పోస్టాయన భార్య బల్ల మీద విప్పి ఉన్న హెల్మెట్‌ని చూసింది. "అప్పుడే మొదలుపెట్టేశారా! తొందరేం లేదు, ఆయన లేచి తిరిగేసరికి ఇద్దురు గాని."

"అది మళ్ళీ పెట్టుకోకూడదండీ," అంది అమ్మడు. "ఒక్కసారి దెబ్బ తిన్న హెల్మెట్ ఇంక పనికిరాదు. ఎవరు ఎలా కుట్టినా పనికిరాదు."

"అలా అనకు తల్లీ. అది మాకు ఉత్త హెల్మెట్టా?"

అమ్మడు తండ్రి వైపు చూసింది. ఆయన వీధిలోకి చూస్తున్నాడు.

"అమ్మా, నాకు ఆలస్యమవుతోంది!" బయటి నుంచి అరిచింది పెద్దకూతురు. ఆమె పనిచేసే చోటు పెద్ద రోడ్డుకి అవతల ఉంది, లారీలు తిరిగే దారిలో. "నేను వెళ్ళనా? నువ్వు నడిచెళ్తావా?"

"వెళ్ళిరావే. జాగ్రత్త!"

ఆ పిల్ల గడ్డం కింద పట్టీ బిగించుకుంది. హెల్మెట్ అంచున నీలం ముఖమల్ బట్ట ఒక్క క్షణం ఎండలో మెరిసింది.

మాస్టారు చెప్పులు తొడుక్కోలేదు. ఇద్దరాడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని, మెట్లు దిగి, స్కూటర్‌కి ఎదురుగా నిలబడి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఆ హెల్మెట్ ఇలా ఇవ్వమ్మా."

"ఎందుకు మామయ్యా? బానే ఉందిగా. దీన్ని చూసే కదా నాన్న మీ దగ్గరికి వచ్చింది! నాది పెట్టుకుని, ‘ఎంత హాయిగా ఉందే’ అన్నారు. వెళ్ళి చేయించుకోమని నేనే పంపా." ఆ పిల్ల నవ్వుతోంది. "మీ చెయ్యే లేకపోతే నాన్నకి ఎంత దెబ్బ తగిలేదో."

"కాదమ్మా." ఆయన హ్యాండిల్ వదల్లేదు. "మీ నాన్నకి తగిలిన దెబ్బలో సగం రోడ్డుది. సగం నాది."

ఆ పిల్ల మొహం మీద నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. ఆమె వేళ్ళు తాళం తిప్పాయి. ఇంజను ఆగిపోయేసరికి వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

వెనక మెట్ల మీద నుంచి పోస్టాయన భార్య గొంతు వినబడింది.

"ఏమన్నారు అన్నయ్యగారూ? ఇటు తిరిగి, నా మొహం చూసి ఇంకోసారి చెప్పండి."